ఈయన ఫోన్లో తిరిగే పటం

నవంబర్ 4, సోమవారం
ఈయన అన్నం ముట్టలేదు. దారి తప్పి పెళ్లివాళ్లను మర్రిగూడ దాటించి వేరే ఊరికి తీసుకుపోయారట. తలంబ్రాలు అయ్యాక చేరారు. కారు యజమాని సేటు కేకలు వేయలేదు — అదే నా భయం. "ఖాసిం భాయ్, పది దినాలు చూస్త. ఫోన్ల మ్యాప్ చూసుడు రాకుంటే తాళం ఇచ్చెయ్యి." ఇరవై ఏళ్లుగా ఈయనకు స్టీరింగు తప్ప వేరే పని తెలియదు.

నవంబర్ 5
ఈయనకు అంకెలు వచ్చు, సంతకం వచ్చు. నాకు పదో తరగతి ఉంది. నేను నేర్చుకుని నేర్పాలి. అల్లా, నా బుర్ర తెరువు.

నవంబర్ 6
పాలమూరులో ఉన్న బిడ్డ షాహీన్‌కు ఫోన్ చేశాను. ఓపికగా చెప్పింది. చేరవలసిన చోట గుచ్చిన ఎర్ర గుర్తు పిన్. ఈటీఏ అంటే చేరే సమయం... రద్దీని బట్టి మారుతూ ఉంటుంది. రౌండబౌట్ దగ్గర మూడో ఎగ్జిట్ అంటే — చుట్టు తిరుగుతూ మూడో తోవ. రీరూట్ అంటే, దారి తప్పినప్పుడు అదే ఇంకో దారి వెతకడం.
"తప్పితే తిట్టదా?"
"తిట్టదమ్మా. బాపు లెక్క కాదు అది."
చాలా రోజులకు నవ్వాను.

నవంబర్ 8, శుక్రవారం
జుమా నమాజు నుంచి వచ్చాక కూర్చోబెట్టాను. పిన్ అర్థమైంది. రీరూట్ అర్థమైంది. కానీ బండి మలిపితే పటమే తిరిగిపోతుందట. "ఊరంత గిర్రున తిరుగుతాంది. నేను తిరగాల్నా, అది తిరగాల్నా?" ఫోన్ మంచం మీద పడేశారు. "నోరున్నోనికి తొవ్వ దొరకదా?"
నేను గట్టిగా మాట్లాడలేను. టీ పెట్టాను.

నవంబర్ 9
దొరికింది! తెర మూలన చిన్న దిక్సూచి గుర్తు. "నార్త్ అప్ అంటరమ్మా. ఉత్తరం ఎప్పుడు పైకే ఉంటది. పటం తిరగది, బాణమే తిరుగుతది" — షాహీన్.
ఉత్తరం పైకి ఉంటే పడమర ఎడమకు. అంటే కిబ్లా, మేము నమాజు చదివే దిక్కు, ఎప్పుడూ తెర ఎడమ అంచుకే, కొంచెం పైకి. ఏ ఊళ్లో బండి ఆపినా ఎవరినీ అడగకుండా నమాజు దిక్కుకు చాప పరిచే మనిషి ఈయన. ఆ మాటే చెప్పాను. మంచం మీది ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.
"గట్లనా... ముందే చెప్పొద్దానే?"

నవంబర్ 12, మంగళవారం
కల్వకుర్తి అవతలి ఊరికి కిరాయి. మధ్యాహ్నం వెళ్లారు.
బండి కదిలాక నా ఫోన్లో అదే దారి తీసి చూశాను. కల్వకుర్తి నుంచి దారి దక్షిణానికి, తెరలో కిందికి. తరువాత తెరలో ఎడమకు, అంటే పడమరకు. కానీ దక్షిణానికి పోయే మనిషికి పడమర కుడిచేతి వైపు కదా! తెర ఎడమ చూపిస్తుంది, దారి చెప్పే ఫోన్ గొంతు కుడి అంటుంది. నేనే తప్పు నేర్పాను. ఫోన్ చేద్దామంటే బండి నడుపుతుంటారు... సాయంత్రం అసర్ నమాజులో వంగి లేచే రకాతులు ఎన్ని చదివానో మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టాను.
నమాజు ముగించే సలాం చెప్పి లేచేసరికి ఈయన ఫోన్.
"చేరినం."
"తెర ఎడమకు..."
"ఆఁ, తెర ఎడమకన్నది, ఫోన్ లోపలి పిల్ల కుడికన్నది. వాళ్ల కొట్లాట వాళ్లది. నేను కిబ్లా దిక్కు మలిపిన. పిన్ మీదనే ఆపిన. చెప్పిన టైం కన్న ముందే!"
చాప మీదే మళ్లీ కూర్చున్నాను. "ఉన్నవా?" అంటున్నారు. అల్లాకు షుక్ర్, షుక్ర్.

నవంబర్ 13
రెండు పూటలా తిన్నారు.

నవంబర్ 15, శుక్రవారం
సేటు తాళం అడగలేదు. పైగా కొత్త బండి తాళం కూడా ఈయన చేతిలోనే పెట్టాడు. అల్హందులిల్లా. వాకిట్లోకి వస్తూనే దూరం నుంచి ఊపి చూపించారు.

నవంబర్ 16
కొత్త బండిలోనే పెద్ద తెర ఉందట. అన్నీ వేరే గుర్తులు. రేపు ఖాళీ బండి తీసుకుని అలవాటు చేసుకోమన్నాడు సేటు.
"నువ్వు గూడ రా. ముందల సీట్ల కూసో. ఆలంపూర్ దాక పోయొద్దాం."
ఇన్నేళ్లలో ఈయన బండి రెండుసార్లు ఎక్కాను. రెండుసార్లూ వెనకే.
బురఖా ఉతికి ఆరేశాను. ముందు సీట్లో బెల్టు ఎట్లా పెట్టుకుంటారో... షాహీన్‌ను అడగాలా, ఈయననే అడగాలా...