అన్నియ్య ముట్టనివ్వని ఫైలు

జూన్ 3, మంగళవారం

మళ్ళీ అదే మాట. అన్నియ్య ఫ్యాక్టరీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పలేదు — "నడుస్తంది కదే. నడిసేదాన్ని ఎందుకు కెలుకుతావు?"

నడుస్తంది. నిజమే. ఎలా నడుస్తందో అన్నియ్యకి తప్ప ఒక్కరికీ తెలీదు. అదీ నా ఏడుపు.

రక్తం కావలసినవాళ్ళకి ఇచ్చేవాళ్ళని వెతికిపెట్టే సైటు. రాసింది అన్నియ్యే. ఖరగ్‌పూర్లో ఎవరికి ఆపరేషన్ అన్నా ముందు ఇదే తెరుస్తారు. కోడ్ అంతా బయటే పెట్టినాం, ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. పేరుకే. చూసినవాడు చూసినట్టే పారిపోతన్నాడు.

జూన్ 5

వెతికే పనంతా ఒకే ఫైల్లో. కిందికి జరుపుతూ పోతే వేలు నొప్పెడతంది. రక్తం ఇచ్చి ఎన్నాళ్ళయిందో చూసే లెక్క ఎక్కడ పడితే అక్కడ అంటించేసినాడు. ఒకచోట మారిస్తే మిగతాచోట్ల పాతదే. పైగా లోపలి ముక్కలకి పెట్టిన పేర్లు — ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఇక్కడజాగ్రత్త. మళ్ళీచూడు. గోల2. మరి గోల1 ఏదీ? ఎక్కడా లేదు.

మౌమిత ఫోను. ప్రేమ్ బజార్లో గది తీసుకుని చదువుకుంటన్న పిల్ల, ఈ కోడ్ మీద నాతో పనిచేసే ఒకే ఒక్క ప్రాణి. "దీదీ, గోల మానే కీ?" — గోలంటే ఏటని అడిగింది. చెప్పినాను. అయితే ఫైలు మొత్తానికీ అదే పేరు పెట్టాలంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వితే ఏటి, పని అవ్వాలి కదా.

జూన్ 8, ఆదివారం

ఆరాధన అయ్యాక అన్నియ్యని పట్టుకున్నాను. మౌమిత చదువు అయిపోయి వెళ్ళిపోతాది, నీకు షిఫ్టు, నాకు స్కూలు, సైటు పాడైతే ఎవరు చూస్తారన్నాను. ఆగిపోతే మామూలు రోజు ఆగదు, ఎవరో రక్తం కోసం పరిగెడతన్న రోజునే ఆగుద్ది. ఇంకో నలుగురికి అర్థమయ్యేలా రాయాలి, అంతే నేనడిగేది.

చర్చి గుమ్మంలో ఈ గొడవేటని అమ్మ ఇద్దర్నీ కసిరింది.

ఇంటికొస్తంటే అన్నియ్య సందు మొదట్లో ఆగి — సరే సెయ్యి, పాడైతే నా దగ్గరికి రాకు.

చాలు. సరే అన్నాడు.

జూన్ 11

కరెంటు పోయింది, ఫ్యాను లేదు, చెమటలో ముద్దయిపోయినాను, అయినా సంతోషం. ఆ లెక్క ఇప్పుడు ఒక్కచోటే ఉంది. పెద్ద ఫైలు చిన్న చిన్న ముక్కలైంది. ఒక్కో ముక్కకీ ఒక్కటే పని. నేను రాస్తన్నాను, అది సరిగ్గా పనిచేస్తందో లేదో చూసే పరీక్షలు మౌమిత రాస్తంది. చాలా రోజులకి ఊపిరాడినట్టుంది.

జూన్ 14

మధ్యలో ఒక వింత ముక్క. పేరు చివర రావు ఉంటే ఇటు పోవద్దు, అటు పో — ఇదీ సంగతి. ఎందుకు? ఒక్క మాట రాయలేదు.

అన్నియ్యకి మెసేజ్ పెట్టినాను, ఇదేటని. రెండు నీలం టిక్కులు. చాలాసేపటికి జవాబు: ఉండనీ.

ఉండనీ! ఎందుకు ఉండనీ? నేనేమన్నా నీ కింద పనిచేసే హెల్పర్నా? మళ్ళీ అడిగినాను. చదివినాడు, పలకలేదు.

ఒళ్ళు మండింది. తీసేసినాను. పరీక్షలన్నీ పెట్టి చూస్తే అన్నీ పాసు. సైట్లోకి ఎక్కించేసినాను.

జూన్ 16

ఎవరూ ఏమీ అనలేదు. ఈ పనిలో అదే మెచ్చుకోలు.

జూన్ 18, బుధవారం

 

స్కూల్లో కంప్యూటర్ ల్యాబు, ఏడో క్లాసు పిల్లలకి పాఠం చెప్తన్నాను. మౌమిత ఫోను, కట్ చేస్తే మళ్ళీ, మళ్ళీ. ఎత్తినాను. గది అద్దెకిచ్చినావిడ కూతురికి కాన్పు, రక్తం ఆగడం లేదు, ఓ నెగెటివ్ కావాలి. సైట్లో వెతికితే ఒక్క పేరే వచ్చింది. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో ఉండే అప్పారావు గారు. ఆయన పెళ్ళికని పలాస వెళ్ళి కూర్చున్నారు. "దీదీ, ఆర్ కేవు నేయి" — ఇంకెవరూ లేరంటంది. ఆ పిల్ల గొంతు వినలేకపోయినాను.

లేకపోవడమేటి. ఒక్క ట్రాఫిక్‌లోనే ఇంకా ఉన్నారు, నాకు తెలుసు. ఎవరో గుర్తు రావట్లేదు. పిల్లలు నన్నే చూస్తన్నారు.

అన్నియ్యకి చేసినాను. షిఫ్టులో ఫోను ఎత్తడు. ఎత్తినాడు. కాన్పు, ఓ నెగెటివ్ కావాలన్నాను; ఏటి, ఎందుకు అని ఒక్క ప్రశ్న లేదు. ఈశ్వర్రావుని లేపు, రాకపోతే జగన్నాథరావు కొడుకు, అని పెట్టేసినాడు.

ఈశ్వర్రావు బాబాయి రాత్రి డ్యూటీ దిగి పడుకున్నారు. లేచి లుంగీ మార్చుకుని సైకిలెక్కి వెళ్ళిపోయినారు.

తల్లి బతికింది. బిడ్డ బతికింది. సాయంత్రం మౌమిత చెప్పింది. దేవుడా. స్తోత్రం.

జూన్ 19

ఇప్పుడు తెలిసింది.

ఒకే ఇంట్లో నలుగురికీ కబుర్లు పోతే విసుక్కుంటారని, ఇంటికి ఒక్క పేరే చూపించి ఒక్క కబురే వెళ్ళేలా అన్నియ్య ముందే పెట్టినాడు. ఒకే కాలనీ, ఒకే ఇంటిపేరు అయితే ఒకే ఇల్లని లెక్క. ఇక్కడ బెంగాలీలకి పేరులో చివరి మాటే ఇంటిపేరు. ఘోష్, దాస్, మండల్. మన ఇంటిపేరు ముందుంటాది, దాన్ని పొడి అక్షరం చేసి వదిలేస్తారు. ఇక్కడి కాగితాల్లో మనమంతా రావులమే. రావ్ బాబూ అని కేకేస్తే వీధంతా వెనక్కి తిరుగుతాది. నేను తీసిన ముక్క ఆ ముందు అక్షరాన్ని చూసేది.

నేను తీసేసరికి ట్రాఫిక్‌లో రావులందరూ ఒక్క ఇల్లైపోయినారు. ఒక్క ఇంటికి ఒక్క కబురు. అది అప్పారావు గారికి పోయింది.

మౌమిత పరీక్షల్లో ఒక్క రావు లేడు. ఆ పిల్లకేం తెలుసు? నా రేషన్ కార్డులో నేనూ రావునే. నాకు తట్టద్దా? తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

కోపం మాత్రం పోలేదు. ఉండనీ అన్న చోట ఇంకో నాలుగు మాటలు రాస్తే ఆయన సొమ్మేం పోయింది?

జూన్ 21

అన్నియ్య మొత్తం వెనక్కి తిప్పేసినాడు. నాకు చెప్పకుండా. రావు ముక్క ఒక్కటే కాదు, రెండు వారాల పనీ. పొద్దున్న చూస్తే పాత ఫైలే, అదే కంపు.

నోటికొచ్చింది అనేసినాను. ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చినావు అన్నాడు. తెచ్చింది నీ మూగనోము అన్నాను. వదిన టీ గ్లాసులు అలాగే వెనక్కి తీసుకెళ్ళిపోయింది.

మౌమిత మెసేజ్. పాత ఫైలు మీదైతే ఇంక చెయ్యలేను దీదీ, భయమేస్తంది.

జూన్ 22, ఆదివారం

అన్నియ్యే వచ్చినాడు, భోజనాలయ్యాక. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సారీ లేదు, ఏటీ లేదు. రాసుకో అన్నాడు.

రావులకి పరీక్ష రాసినాను. ఆయన చెప్తన్నాడు, నేను కొడతన్నాను. తర్వాత నాన్నా, కొడుకూ ఒకే ఫోను వాడితే ఏటవ్వాలో. తర్వాత క్వార్టర్ మారినవాళ్ళ సంగతి. బాగానే సాగింది. చాలా ఏళ్ళకి ఇద్దరం ఇలా కూర్చున్నాం, ఒట్టు.

తర్వాత ఇంకో ముక్క చూపించినాను, ఇదెందుకని. చూసినాడు. కళ్ళజోడు తుడిచి మళ్ళీ చూసినాడు. ఏదో ఉండేది, అన్నాడు. దాని కింద ఇంకోటి. దానికీ అంతే.

"ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"గుర్తు నేదే." ముఖం అటు తిప్పుకున్నాడు. "తీస్తే తెలుస్తాది."

లేచి వెళ్ళిపోయినాడు, షిఫ్టుకి టైమైందని.

ఇన్నాళ్ళూ ఆయనకి అంతా తెలుసు కాబట్టే ముట్టుకోవద్దంటన్నాడు అనుకున్నాను. తెలీకే వద్దంటన్నాడు.

 ఇప్పుడు సైట్లో నడుస్తంది ఆ ఫైలే...