సున్నం చెంచాడు మేత

నాచారం,
శుక్రవారం మధ్యాహ్నం

అక్కకూ బావకూ చెల్లె సత్తెమ్మ దండాలు. పిల్లలెట్లా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా, లేక నాకు తగ్గిందని చెప్పి కుంటుతూనే తిరుగుతున్నావా? ఇక్కడ మా ఇద్దరి ఒళ్లు బాగానే ఉన్నాయి, ఫికరు పడకు. మనసే బాగాలేదు. ఎస్టీడీ బూతులో వెనకాల నలుగురు నిలబడి ఉంటే చెప్పుకునే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

మీ మరిది పనిచేసే ఫ్యాక్టరీ ఇంకా తెరవలేదు. రోజూ పొద్దున్నే ఉప్పల్ చౌరస్తాలో కూలికి నిలబడుతున్నాడు. పిలిస్తే పోతాడు, లేకుంటే పదకొండింటికి ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఎండలు మండిపోతున్నాయి, రేకుల కింద అన్నం కూడా మధ్యాహ్నానికే పులుస్తోంది. నా రంగు చేపల దుకాణం పని మీదనే ఇల్లు నడుస్తోంది. అది పోతే మేం ఊరికి తిరిగి రావాల్సిందే.

పనిలో చేరేటప్పుడు సేటు, "చేపల సంగతి నీకేం తెలుసు?" అన్నాడు. "చేపల నడుమనే పుట్టిన సేటూ" అన్నాను. అంతా ఆ నోటి దూల చేసిన పనే, అక్కా.

ఇక్కడ చేపలకు మేత వేసేది ఖాజా చాచా. మౌలాలి గుట్ట కింద ఇల్లు, అరవై దాటిన మనిషి. పాన్ తినేవాళ్ల సున్నం డబ్బీలో వేలెడంత చెంచా ఉంటుంది చూడు, దాన్ని శుభ్రంగా కడిగి, దానితోనే మేత కొలుస్తాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అంతే. ఒకరోజు గింజల మేత, ఒకరోజు ఎండు పురుగులు. బంగారు చేపకు కడుపు ఉబ్బితే బఠాణీ ఉడకబెట్టి, తోలు తీసి, నలిపి పెడతాడు. నాకు మొదటిరోజే చెప్పాడు: "చేప కడుపు దాని కన్నంత ఉంటది బేటీ. రెండు నిమిషాల్ల తినేదే ఎయ్యాలె. మిగిలిందంటే గది మేత గాదు, జహర్, విషం."

శుక్రవారం మాత్రం ఏమీ పెట్టడు. "ఇయ్యాల వీటికి రోజా, ఒక్కపొద్దు" అని నవ్వుతాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను అద్దం ముందు నుంచి నడిస్తే చాలు, అన్నీ ఒక్కసారి వచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆకలితో చూసేవాళ్ల ముందు నుంచి వట్టి చేతులతో పోవడం మన ఇంట్లో ఎవరికైనా వచ్చా?

పోయిన శుక్రవారం సేటు పెళ్లికి పోయాడు. చాచా నమాజుకు పోయాడు. నేను దాణా దుకాణం నుంచి తవుడూ పల్లి చెక్కా తెచ్చి, నీళ్లు చల్లి ముద్ద కట్టి, పెద్ద తొట్టిలో వేశాను. చిన్నప్పుడు నువ్వూ నేనూ మోచేతుల దాకా పిసికి, నాయన తెప్ప మీద నుంచి చెరువులో వేసిన ముద్దలే. బొచ్చె చేపలూ రవ్వులూ వాటితోనే కదా మోకాలంత ఎదిగేవి! ఈ వేలెడు చేపలు గబగబా తిన్నాయి. నాకే కడుపు నిండినట్టయింది.

తెల్లారి తలుపు తీస్తే తొట్టి నీళ్లు కుడితిలా ఉన్నాయి. వాసన. సగం చేపలు తేలిపోయాయి, మిగతావి పైకొచ్చి గాలి కోసం నోళ్లు కొట్టుకుంటున్నాయి. చెరువైతే ఎంత వేసినా అరిగించుకుంటుంది, అద్దాల పెట్టె అరిగించుకోదని అప్పుడు తెలిసింది. ఏం లాభం?

సేటు వచ్చి చాచా మీద విరుచుకుపడ్డాడు. "తొట్టికి గాలి కొట్టే మోటరు బంద్ పెట్టి పోయినవా? వయసైనంక ఇంటికాడ కూసోవాలె గని చేపలను సంపుతరా?" దుకాణంలో ముగ్గురు గిరాకీలు నిలబడి వింటున్నారు. చాచా నీళ్లలో వేలు ముంచి వాసన చూశాడు. నా వైపు చూశాడు. టిఫిన్ డబ్బా తీసుకొని మెట్లు దిగిపోయాడు.

నేను నోరు విప్పలేదక్కా. గోడకేసి చూస్తూ కూర్చునే మీ మరిది కళ్ల ముందు మెదిలాడు. సిగ్గులేని దాన్ని, చేపల నడుమ పుట్టినదాన్ని!

నాలుగు రోజులు అట్లాగే పనికి పోయి వచ్చాను. బుధవారం సేటుతో చెప్పేశాను. ఆయన, "గప్పుడేమైంది నీ నోరు? పో, పోయి ముసలాయనను తోల్కరా. ఆయన రాకుంటే నువ్వు గూడ రాకు" అన్నాడు.

నిన్న మౌలాలి పోయాను. చాచా గడప మీద కూర్చొని ఉన్నాడు. నేను ఏడుపు మొదలుపెట్టకముందే, "చిన్న తొట్టిల ఉబ్బిన బంగారు చేప ఎట్లుంది?" అన్నాడు.

"బఠాణీ పెట్టిన చాచా. తగ్గింది."

"తోలు తీసినవా?"

"తీసిన."

"మంచిగ చేసినవ్." అప్పుడు చెప్పాను, తవుడు వేసింది నేనేనని. "తెలుసు. పల్లి చెక్క వాసన నాకు తెల్వదా?" అన్నాడు. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు. "నువ్వు జెప్పినవ్, అచ్ఛా. గని వయసైందని గంతమంది ముంగట అన్నడు. గా మాట నువ్వు వాపస్ తేలేవు బేటీ. నేను రాను." లోపలికి పోయి ఆ సున్నం చెంచా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఈ పొద్దున చెంచా సేటు ముందు పెట్టి, చాచా రానన్నాడు, నేను కూడా పోతున్నానన్నాను. ఆయన దాన్ని చూసి, స్కూటర్ తీసుకొని మౌలాలి పోయాడు. ఇప్పుడే ఒక్కడే తిరిగి వచ్చాడు. మొహం కడుక్కొని, నన్ను చూడకుండానే చెంచా నా ముందుకు జరిపి అన్నాడు. "మాఫీ అడిగిన. రానన్నడు. ‘చెంచా ఆమెకిచ్చిన, ఆమెను తీసెయ్యకు’ అన్నడు. ఇగ మేత నువ్వే ఎయ్యి."

పని నిలబడింది అక్కా. సాయంత్రం మీ మరిదికి చెప్తే సంతోషపడతాడు, నువ్వూ సంతోషపడు. నాకు మాత్రం చాచా అన్నం నా పళ్లెంలోకి వచ్చినట్టుంది.

బావ ఇటు వస్తే నాలుగు శేర్ల జొన్నలు పంపు. పెద్దమ్మకూ చిన్నాయనకూ నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. పెట్టే చెయ్యికి లోటు రాదని అమ్మ అనేది కదా. ఈసారి నువ్వు దీవించేటప్పుడు, ఎక్కడ ఆపాలో ఈ చెయ్యికి తెలియాలని దీవించు.

ఇవాళ శుక్రవారం. చేపలన్నీ అద్దం దగ్గరికి వచ్చి నన్నే చూస్తున్నాయి. చెంచా కొంగున ముడేసుకొని కూర్చున్నాను.

నీ చెల్లె,
సత్తెమ్మ