ముందే చెప్పిన స్తోత్రం

ఫిబ్రవరి 9, ఆదివారం

నా బిడ్డ రూత్ ఎట్లుందో. పొద్దున ఏమైనా తిన్నదో, తిన్నది కడుపులో నిలిచిందో. అల్లుడు సంతోష్‌కు నడుము నొప్పి తగ్గిందో లేదో, పొద్దంతా ఆటో నడపాలి. మనవరాలు నిరోషకు పోయినవారం జలుబు, పైగా ఇంటర్ పరీక్షలు. పక్కింటి భూదవ్వ బీపీ గోలీ వేసుకున్నదో మరిచిందో. నాకేముంది, మోకాళ్లే.

వాళ్లు కామారెడ్డిలో, నేను ఎల్లారెడ్డిలో. ఫోన్ చేస్తే బాగున్నాం అంటారు. అట్లా అన్నారంటే నాకు ఇంకా భయం.

రూత్‌కు రొమ్ములో గడ్డ తీసి ఏడాదైంది. తర్వాత మందు ఎక్కించారు. జుట్టంతా పోయి, మళ్లీ మొలిచింది. ఇప్పుడు స్కాన్ తీశారు. రిపోర్ట్ బుధవారం వస్తుందట.

ఇవాళ మా యేసయ్య గుడిలో పాస్టరు అయ్యగారు, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నారు. నేను లేచాను. ఎప్పుడూ లేవనిదాన్ని. నా బిడ్డ బాగైంది, దేవునికి స్తోత్రం అన్నాను. నమ్మినవాళ్లు రిపోర్ట్ కోసం చూడొద్దు, ముందే స్తోత్రం చెప్పాలె అని మా గుడిలో అంటారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు నాకు ఇంకా ధైర్యమొచ్చి, మంగళవారం మా ఇంట్లో కృతజ్ఞత కూటం, అందరూ రండి అని కూడా అన్నాను.

ఇంటికొచ్చినప్పటి నుంచి క్యాలెండర్‌లో బుధవారాన్నే చూస్తున్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

కూటం జరిగింది. బగారన్నం, కోడికూర. సంఘపెద్ద ప్రభుదాసు ప్రార్థన చేశాడు. భూదవ్వ మా గుడి మనిషి కాదు, అయినా ఇంత బొట్టు పెట్టుకొని ముందే కూర్చొని అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది. తినేటప్పుడు, హన్మవ్వా, మీ దేవునికి రిపోర్ట్ ముందే అందిందా ఏంది, గింత అర్జెంటుగ దావత్ ఇస్తివి అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 12, బుధవారం

లివర్‌కు పాకిందట.

ఫిబ్రవరి 16, ఆదివారం

గుడికి పోలేదు. మోకాళ్లు నొస్తున్నాయని చెప్పి పంపించాను.

ఫిబ్రవరి 20, గురువారం

సంతోష్ ఫోన్ చేశాడు. ఇక ఆపరేషన్ లేదట. నొప్పి తగ్గడానికి మందులు ఇచ్చి ఇంటికి తీసుకుపొమ్మన్నారట. అత్తమ్మా, రూత్ నిన్ను రమ్మంటున్నది, ఒక్కపారి వచ్చిపో అన్నాడు. వస్తా బిడ్డా అన్నాను. ఎప్పుడు అంటే, చూస్తా అన్నాను.

ఏ ముఖం పెట్టుకొని పోవాలి. నా ముఖం చూస్తే ఎవరికైనా అంతా తెలిసిపోతుంది, దాచడం నాకు రాదు. నేను ఏడిస్తే అది ఏడుస్తుంది. కూటం పెట్టి ఊరందరికీ అన్నం పెట్టావు కదా అవ్వా, ఏమైంది అంటే ఏం చెప్పాలి. తొందరపడ్డానని దేవునికి కోపమొచ్చిందేమో. అట్లా రాయొద్దు. రాశాను.

ఫిబ్రవరి 24, సోమవారం

బస్టాండుకు పోయాను. ఫ్రీ బస్సుకు చూపించే ఆధార్ కార్డు చేతిలో పట్టుకొని నిలబడ్డాను. కామారెడ్డి బస్సొచ్చింది. మెట్టు మీద కాలు పెట్టాను, రెండో కాలు లేవలేదు. కండక్టర్ పిల్ల, ఎక్కుతవా అవ్వా, ఫోటోకు నిలబడ్డవా అన్నది. దిగిపోయాను. బస్సు వెళ్లిపోయింది.

భూదవ్వకు బస్సు అందలేదని చెప్పాను. నా ముఖం చూసి ఆమె చాయ్ పెట్టుకొచ్చింది.

మార్చి 7, శుక్రవారం

లెంట్ మొదలైంది, ఈస్టర్ ముందటి ఉపవాస దినాలు. సాయంత్రం ప్రార్థనలకు కూడా పోవడం లేదు.

రేషన్ షాపు దగ్గర మా గుడి పద్మలత, హన్మవ్వకు విశ్వాసం తక్కువైంది, గందుకే బిడ్డకు రోగం తిరగబెట్టింది అన్నదట. భూదవ్వ విన్నది. ఊరుకుంటుందా. హన్మవ్వ ఇంట్ల రెండుసార్లు బగారన్నం పెట్టిచ్చుకున్ననాడు విశ్వాసం సరిపొయిందా నీకు అని అడిగిందట. వచ్చి నాకు చెప్పి తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పద్మలత అన్నది నిజమేనేమోనని పొద్దంతా అదే.

మార్చి 14, శుక్రవారం

ప్రభుదాసు వచ్చాడు. వాక్యం చెప్తాడేమోనని భయపడ్డాను. చాయ్ అడిగాడు. తాగి, పోయినేడు తన భార్య చనిపోయినప్పుడు నెల దినాలు ప్రార్థన చేయలేకపోయానని చెప్పాడు. సంఘపెద్దను గద, ఎవలకు చెప్పుకుంటనవ్వా అన్నాడు. తర్వాత, సిలువెక్కే ముందు రాత్రి తోటల యేసయ్య గూడ చెమటలు పట్టేదాక భయపడ్డడు, శిష్యులను నా దగ్గెర మెలకువతోని ఉండుమన్నడు, వాళ్లు పండుకున్నరు అన్నాడు. చెప్పులేసుకొని పోయాడు.

ఎన్నో లెంట్‌లలో విన్నాను ఆ మాట. యేసయ్య కూడా తన దగ్గర ఉండమని అడిగాడన్నది ఇవాళే తట్టింది.

మార్చి 22, శనివారం, సాయంత్రం

రూత్ తనే ఫోన్ చేసింది. గొంతు సన్నగా అయిపోయింది. అవ్వా, గుడికి పోతలేవంట గద అన్నది. భూదవ్వ చెప్పిందేమో. నేను తొందరపడి సాక్ష్యం చెప్తిని బిడ్డా, అందరి ముందల నీ పేరు పెట్టి చెప్తిని అని ఏడ్చాను. చెప్పిన స్తోత్రం వాపస్ తీసుకోకు అన్నది. గట్లాంటి రిపోర్ట్ వచ్చినంక ఎట్లనే అన్నాను. ఇన్నేండ్లు నన్ను నీకిచ్చిండు గద, గదానికి స్తోత్రం అనుకో అన్నది.

తర్వాత చెప్పింది. నిరోష ముందు ఏడవదట, పరీక్షలని. సంతోష్ ముందు ఏడిస్తే అతను ఆటో తీయడట. వచ్చినవాళ్లంతా ధైర్యంగ ఉండు, ధైర్యంగ ఉండు అంటరవ్వా, విని విని నాకు యాష్టకొచ్చింది అన్నది. నువ్వు ధైర్యం చెప్పకు. నీకెట్లాగు రాదు. నువ్వొచ్చి కూసో, ఇద్దరం కలిసి భయపడదాం అన్నది. అని నవ్వింది కూడా, దగ్గు వచ్చేదాకా.

పుట్టినప్పటి నుంచి భయపడుతూనే ఉన్నాను. అది ఒకరికి కావాలని ఎన్నడూ అనుకోలేదు.

మార్చి 30, ఆదివారం

గుడికి పోయాను. సాక్ష్యాలప్పుడు లేచాను. కొంగు గట్టిగా పట్టుకున్నాను. నా బిడ్డ బాగుకాలేదు అన్నాను. పోయినసారి తొందరపడ్డాను. స్తోత్రం మాత్రం అట్లే ఉండనియ్యండి. నేను దాని దగ్గరికి పోవాలి, నా కాలు లేస్తలేదు, నా కాళ్ల కోసం ప్రార్థన చేయండి అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కూర్చోబోతుంటే పద్మలత లేచి వచ్చింది. నా పక్కన చాపమీద కూర్చొని, ప్రార్థన అయ్యేదాకా నా మోకాలి మీద చెయ్యి పెట్టే ఉంచింది.

మోకాలు నొప్పి అట్లే ఉంది. భయం అట్లే ఉంది. ఇంటికి నడిచే వచ్చాను.

ఏప్రిల్ 1, మంగళవారం

సంతోష్‌కు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. ఎన్ని రోజులుంటానో నేను చెప్పలేదు, అతనూ అడగలేదు.

ఎల్లుండి గురువారం, ఏప్రిల్ 3. పొద్దుటి బస్సుకు రూత్ దగ్గరికి.