వంకాయ మడిల వరి

ఆదివారం రాత్రి, వైరా

పెరట్ల పని ఈసారన్నా తగ్గించుకుందామనుకున్న. టైలరింగ్ షాపు నుంచి పొద్దుగూకినంక వచ్చి కలుపు తీసుడు నాతోని అయితలేదు. అత్తమ్మేమో మోకాళ్లు పట్టేసినా ఊకోదు, వంగి పీకుతనే ఉంటది. అందుకే బీర, సొర ఈసారి వద్దు, వంగ, టమాట, గోంగూర చాలన్న. మొక్కల నడుమ మందంగ వరిగడ్డి పరిస్తే కలుపు రాదు, రోజూ నీళ్లు పెట్టే పని కూడా తప్పుతది.

అత్తమ్మ మూతి ముడుచుకుంది. "అవ్, ఇగ నేను టీవీ ముందల కూసోవాల్నా?" అన్నది. అయినా పది రోజుల కింద మొక్కలు నాటి గడ్డి పరిచిన.

ఇయ్యాల చూస్తే గడ్డిల నుంచి పచ్చగ వరి మొలిచింది! గడ్డి కట్టలకు వడ్ల గింజలు మిగిలినయో లేదో చూసుకోకుండ గట్లనే పరిచేసిన. రైతు ఇంట్ల పుట్టి గిట్లాంటి పనా అని నా మీద నాకే కోపమొచ్చింది. అత్తమ్మ మాత్రం పకపక నవ్వింది. "ఏంది బిడ్డా, వంకాయ మడిల నాట్లేసినవా?" అనుకుంట పీటేసుకుని కూసుంది. మెత్తటి మొలకలు, రెండు వేళ్లతో లాగితే వచ్చేస్తున్నయి, వంగే పనే లేదు. పక్కింటామెను పిలిచి చూపించి, ముచ్చట్లు పెట్టుకుంట సాయంత్రం దాకా పీకింది.

అన్నం తినేటప్పుడు మోకాళ్ల ఊసే ఎత్తలే. రేపు మళ్ల నొస్తయో ఏమో...

"వచ్చేసారి గడ్డి మంచిగ దులిపి పరుద్దాంలే" అన్నడు మా ఆయన.

అత్తమ్మకు వినపడకుండ మెల్లగ చెప్పిన, "దులపకు" అని.