లేచేదాకా అప్పగించిన గిరాకీ

జహీరాబాద్

సమీనా,

పక్క గల్లీలోనే ఉన్నా, ఎదురుగా నిలబడితే నోరు జారుతుందని రాస్తున్నాను.

మనవి జొన్నరొట్టెలు చేసి అమ్ముకునే బతుకులు. మొగుడంపల్లి టీచరమ్మకు కాన్పయితే ఆరు నెలలు జీతంతో సెలవిచ్చారు. మనకు పొయ్యి ఆరితే గిరాకీ పోతుంది. అందుకే నా కాన్పప్పుడు, నేను లేచేదాకా చూసుకోమని నా గిరాకీని నీకు అప్పగించాను. నువ్వు ఒక్క పూట తప్పకుండా వాళ్లకు రొట్టెలు చేసిచ్చావు. కాదనను.

నేను లేచి పొయ్యి ముట్టించినా ఎవరూ ఇటు రావడం లేదు. నిన్న నా పాత గిరాకీ బ్యాంకు సారును ఆపి అడిగాను.

"జర ఏమనుకోకమ్మా, సమీనా చేసిన రొట్టె పొద్దుగూకేదాక మెత్తగనే ఉంటది" అన్నాడు.

నీ రొట్టె ఒకటి తెప్పించుకొని, సాయంత్రందాకా ఉంచి తిన్నాను. మెత్తగానే ఉంది. అందుకే ఇంకా మండింది.

నీకూ నెల తప్పిందని మీ ఆడబిడ్డ కులసుం చెప్పింది. సంతోషం. నీ కాన్పప్పుడు నీ గిరాకీ నేను చూసుకుంటాను. నువ్వు లేచిన రోజే అందరినీ తిరిగి అప్పగిస్తాను, ఆ బ్యాంకు సారును తప్ప.

పిండిలో నీళ్లు ఎట్లా కలుపుతావో మాత్రం ముందే చూపించు. నీ గిరాకీ చెడిపోవద్దని అడుగుతున్నాను, నా కోసం కాదు.

నీ దోస్తు