1878 నాటి బ్రాందీ, ఒక్క చెంచా

నరసరావుపేట, 1946

డిసెంబరు 1, ఆదివారం. ఉ. 9 గం.
గుంటూరు పొగాకు కంపెనీ దొర సామాన్లు అమ్ముకొని సీమకు పోతుంటే కొన్నాను. 1878 నాటి ఫ్రెంచి బ్రాందీ. కోన్యాక్ అనాలట. చెక్కడపు గాజు సీసా, గాజు బిరడా. ఏం తళుకు! ఇట్లాంటివి ఏడాదిలో పన్నెండు సేకరిస్తాను.
నియమాలు: చూడటమే. ఎవరూ తాగరాదు. నేను అసలే తాగరాదు.
తోటి ప్లీడర్లందరికీ చెప్పేశాను. పదిహేనున జడ్జిగారు స్వయంగా చూడటానికి వస్తారట. మా ఆవిడ శేషారత్నం మాత్రం, "తాగేదానికి కాకపోతే ఎందుకంట?" అంది.

డిసెంబరు 4.
పక్కింటి హనుమాయమ్మక్క వచ్చింది. "మా పిల్ల పురుడొచ్చి చలికి ఒణికిపోతా ఉంది తమ్ముడూ. ఒక్క చెంచా బ్రాందీ పొయ్యి."
బాలింతకు లేదంటే ఈ ఊళ్లో మనిషి కింద జమకట్టరు. పోశాను. చెంచాకు అంటుకున్నది నాకాను. అది తాగటం కిందికి రాదు.

డిసెంబరు 7.
వీధిలో ఇంకో ఇద్దరు బాలింతలున్నారని ఇవాళ తెలిసింది. వాళ్లకు రెండు చెంచాలు. పాడైందేమో చూడటానికి నాకు మూడు.
పాడు కాలేదు.

డిసెంబరు 11.
జట్కా కరీముల్లా గుర్రానికి కడుపునొప్పి. "నేను ముట్టనయ్యా, నాకు హరాం. గుర్రానికి పావుసేరు పట్టమన్నాడు పశువుల డాక్టరు."
రోజూ నన్ను కోర్టుకు చేర్చేది ఆ గుర్రమే. పట్టాం. లేచి నిలబడింది. సంతోషం పట్టలేక నేనూ అర గ్లాసు.
మిగతా అర గ్లాసు 12న. కారణం రాయను.

డిసెంబరు 14. సాయంత్రం.
సీసా ఖాళీ. రేపే జడ్జిగారు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియటం లేదు.
శేషారత్నం పొయ్యి రాజేసింది. ఇంట్లో ఉన్న టీ పొడంతా మరగబెట్టి, వడగట్టి, సీసా నిండా పోసింది. రంగు అచ్చం 1878.

డిసెంబరు 15.
జడ్జిగారు సీసాను వెలుతురుకు ఎత్తి చూశారు. "వయసు కనపడుతోందండీ" అన్నారు. వాసన చూస్తానంటే నియమం అడ్డం పెట్టాను. వెళ్లబోతూ, "మా ఇంట్లో ఆవిడకు రొంప. మందుకు ఒక్క చెంచా..." అన్నారు. జడ్జిగారికి లేదనటం ఎట్లా? పోశాను.

డిసెంబరు 16. ఉ. 7 గం.
గుమ్మంలో జడ్జిగారి బంట్రోతు. నా పని అయిపోయిందనుకున్నాను.
"అమ్మగారికి తెల్లారేసరికి చానా తగ్గిందయ్యా. ఇంకో చెంచా ఇప్పించమన్నారు."
బతికాను. ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలు. నియమాలు అవే. ఈ సీసా మీద నాకు ఏ ఆశా లేదు కాబట్టి ఈసారి తప్పేది లేదు.

సా. 4 గం.
"ఏమే, టీ ఏది?"
"ఇంట్లో పొడి యాడుంది? ఉన్నదంతా మీ సీసాలోనే ఉంది."
బిరడా తీశాను. రేపటి నుంచి మళ్లీ మొదలు.