ఏటి మలుపుకు పైన

ఎలియోదోరోకి,

మీ ఎదుట నాకు నోరు పెగలదు. అందుకే మీరు పనిచేసే పామాయిల్ తోటకు వెళ్లే పడవలో ఈ ఉత్తరం పంపుతున్నాను.

నెల రోజులుగా నేను ఏటిలో పెట్టిన రొయ్యలు పట్టే ‘కటంగా’ బుట్టలు ఖాళీగా వస్తున్నాయి. "ఎర కొబ్బరి ముక్క బుట్టలో పెడుతున్నావా, నోట్లో వేసుకుంటున్నావా?" అని రేవులో ఆడవాళ్లు నవ్వుతున్నారు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. "నీ చెయ్యి ఏటికి పడలేదే పిల్లా, ఇంక ముట్టుకోకు" అని, నేను అల్లిన ఆరు బుట్టలనూ దూలానికి కట్టేశారు.

నా చేతిదే దోషమని నేనూ నమ్మాను. కానీ సోమవారం కట్టెల కోసం ఏటి మలుపు దాటి ఎగువకు వెళ్లినప్పుడు ఏటిలో ఒక రాయి తిప్పి చూశాను. దాని అడుగున పురుగులు, నత్తలు, పిల్ల రొయ్యలు ఎప్పటిలాగే కదులుతున్నాయి. మలుపుకు కింద ఎన్ని రాళ్లు తిప్పినా ఒట్టి బురదే. ప్రతి శనివారం ఇంటికి వస్తూ మీరు, మీ జట్టువాళ్లు కలుపు మందు డబ్బాలు కడిగేది ఆ మలుపులోనే.

ఆ వాసనతో ఇంటికి రావద్దని, దారిలో కడుక్కుని రమ్మని మిమ్మల్ని అడిగింది నేనే. అత్తయ్య మాట పూర్తిగా అబద్ధం కాదు.

ఇకపై డబ్బాలు తోటలోనే, ఏటికి దూరంగా కడగండి. వాసనతోనే రండి, నేనేమీ అనను. మీ పేరు చెడుతుందని అత్తయ్యకు ఏమీ చెప్పలేదు. శనివారం మీరే చెప్పి, దూలానికున్న బుట్టలు ఆమె చూస్తుండగా విప్పి నా చేతికివ్వండి.

మీ భార్య